నూట ఇరవై

ఢిల్లీశు వాళ్లన్న తెగ్గొట్టిన హవాయి చెప్పే
మా కంట్రోలరుకి ఒళ్లు.
బ్లేడుతో చీలిస్తే రబ్బరు మధ్యలో
కాశీబుగ్గ రోడ్డు మీది గాజుపెంకు ఒకటి.
తియ్యలేదు. అలాగే ఉంచేశాం.

బిర్యానీ పొట్లం మూతరేకు కడిగి ఆరబెట్టి
నాలుగు చదరాలు కత్తిరించాం,
పైకి, కిందికి, ఎడమకి, కుడికి.
వైర్లు, వినాయకుడి పందిట్లో చచ్చిపోయిన సీరియల్ సెట్టువి.
బోర్డు ఒక్కటే బడిది,
సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం అప్పజెప్పాలి.

"కొన్నది తెస్తే సంత, చేసింది తెస్తే ప్రాజెక్టు"
అంటారు హైమావతి టీచరు,
అని, సోల్డరింగు పొగకి మొహం పక్కకి తిప్పుకుంటారు.

ఆట కూడా మాదే.
తేలినీలాపురం కొంగ ఒకటి
కరెంటు తీగలు తప్పించుకుంటూ చింతచెట్టు చేరాలి.
రేకు ముట్టుకుంటే రెక్క కొడుతుంది.
ముందు మణికట్టుకి ఒక తీగ చుట్టుకోవాలి,
ఆ తీగకీ ఈ రేకుకీ మధ్య మిగిలిన వైరు మనమే.
ఇది విన్నాక ఢిల్లీశు తన చేతిని
చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఎగ్జిబిషను ముందురోజు చీకటి పడేదాకా ల్యాబులోనే.
నన్ను వెతుక్కుంటూ అమ్మ వచ్చింది
జీడి ఫ్యాక్టరీ నుంచి సరాసరి,
చెప్పులు గుమ్మం బయట విడిచి.
"ఏటే గుంటా, బేగి రాడం తెల్దా నీకు?
ఏటది?"
నువ్వే ఆడు, అన్నాను.

గాజులు పైకి జరిపి తీగ చుట్టాను.
చూపుడువేలు రేకు మీద ఆనింది.
కొంగ కదల్లేదు.
గట్టిగా నొక్కింది.
కొంగ కరెంటు తీగకి తగిలి పడిపోయింది.

అమ్మ వేలు వెనక్కి తీసుకుని
కొంగున తుడిచి మళ్లీ పెట్టింది.
ఆ తుడవడం నాకు తెలుసు.
రేషను డిపోలో నెలనెలా అదే.
"ఇంకో ఏలు ఎట్టు దాలమ్మా" అంటాడు డీలరు,
పది వేళ్లూ అయిపోతాయి,
వెనక నించున్నవాళ్లు సంచీ భుజం మార్చుకుంటారు.
పదహారేళ్లు జీడినూనె తాగిన వేళ్లు,
నల్లగా, నున్నగా, గీతన్నది లేకుండా.

"దీనికీ నాను తెల్దేటే" అంది. నవ్వుతూనే అంది.

టీచరు ల్యాప్‌టాపు ఇటు తిప్పారు.
అంకెలు పరిగెడుతున్నాయి.
నా వేలికి ఆరువందల ఎనభై,
ఢిల్లీశుకి, చెమట చేతులు కదా, ఎనిమిదొందలు.
అమ్మకి నూటనలభై, నూటముప్పై ఆరు, నూటనలభై మూడు.
"తెలియకపోవడం కాదమ్మా, తెలుస్తోంది.
ఐదొందలు దాటితేనే లెక్కలోకి తియ్యమని
మేమే రాశాం."

మేమే అంటే నేనే. ఆ వరస రాసింది నేనే.
కర్సరు అక్కడ పెట్టి ఐదొందలు చెరిపేశాను.
నూట ఇరవై.

కొంగ లేచింది.
నాలుగు తీగలు మాటాడకుండా దాటించింది అమ్మ,
ఐదోదాని కింద తనే తల వంచింది,
ఆరోదానికి "ఒలమ్మ!" అని అరిచింది.

మర్నాడు టెక్కలి నుంచి వచ్చిన జడ్జీలు
ఫ్యాను వేయించుకుని కూర్చున్నారు.
ఎవరూ ముట్టకుండానే మా కొంగ
టపటపా రెక్కలు కొట్టుకోడం మొదలెట్టింది.
టీచరు ముందే చెప్పారు,
అంకె దించితే ఫ్యాను గొణుగుడు కూడా వింటుందని.
ఢిల్లీశు నా మోచేతిని పొడిచాడు,
మార్చెయ్, రెండు సెకన్ల పని.

నేను ఫ్యాను ఆపమన్నాను.

పెద్దమనుషులకి చెమటలు పట్టాయి.
మాకేమీ రాలేదు, పాల్గొన్నట్టు ఒక కాగితం తప్ప.

బోర్డు బడికి పోయింది.
చెప్పు మాత్రం ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది,
నాలుగు రేకులు, వేలాడే వైర్లు.
నెల మొదట్లో సంచీ పట్టుకుని బయల్దేరుతూ
అమ్మ దాని పైరేకు మీద
ఒకసారి వేలు ఆనించి వెళ్తుంది.